జట్టు పోయినా చదువు మిగులుతుందా?

మైదానం పక్కన: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగం అమెరికా స్కాలర్‌షిప్పుల గురించే వచ్చాయి. అన్నిటికీ విడివిడిగా రాయడం కుదరదు కాబట్టి నాలుగింటిని ఎంచుకున్నాను. మొదటి జవాబు పొడవుగానే ఉంటుంది. ఒక కుటుంబం నాలుగేళ్ళ పొదుపు అందులో ఉంది, ముక్తసరిగా చెప్పి వదిలేసేది కాదు.

ప్రశ్న: మేడం, మా అమ్మాయికి పదిహేడేళ్ళు. ప్లస్ టూ చదువుతోంది, చిన్నప్పటి నుంచి టెన్నిస్ ఆడుతోంది. అమెరికాలో ఒక చిన్న ప్రైవేటు విశ్వవిద్యాలయం కోచ్ తన యూటీఆర్ (టెన్నిస్ రేటింగ్) చూసి, వీడియోలు తెప్పించుకుని, కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన ‘డివిజన్ వన్’ జట్టులో చోటిస్తామన్నారు. ట్యూషన్ ఫీజులో 60 శాతం స్కాలర్‌షిప్ అట. మిగతాది, హాస్టలు, భోజనం మేమే భరించాలి. అందుకు తాంబరం దగ్గరున్న స్థలం అమ్మాలనుకుంటున్నాం. ఇంతలో సెయింట్ ఫ్రాన్సిస్ అనే విశ్వవిద్యాలయం డబ్బు చాలక పై స్థాయి ఆటల నుంచి తప్పుకుందని మా బావగారు ఎక్కడో చదివి, ‘ఆ చిన్న కాలేజీలను నమ్మవద్దు’ అని పట్టుబడుతున్నారు. మా ఆవిడ మాత్రం అమ్మాయిని పంపాల్సిందే అంటోంది. మీరేమంటారు?
– పేరు వద్దన్న తండ్రి, అన్నానగర్, చెన్నై

జవాబు: మీ బావగారు వార్తకు శీర్షిక వరకే చదివినట్టున్నారు. ముందు ఆ కథ పూర్తిగా చెబుతాను.

సెయింట్ ఫ్రాన్సిస్ పెన్సిల్వేనియా రాష్ట్రంలో లొరెట్టో అనే చిన్న ఊళ్ళో ఉన్న క్యాథలిక్ విశ్వవిద్యాలయం. 2025 మార్చిలో దాని పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 1991 తర్వాత మొదటిసారి జాతీయ టోర్నమెంటుకు అర్హత సాధించింది. మార్చి 18న అలబామా స్టేట్ చేతిలో 70–68 తేడాతో ఓడింది. సరిగ్గా వారానికి, మార్చి 25న, డివిజన్ వన్ వదిలి అన్నిటికన్నా కింది స్థాయి అయిన డివిజన్ త్రీకి వెళుతున్నట్టు విశ్వవిద్యాలయం ప్రకటించింది. ఆటగాళ్ళకు జరిపే చెల్లింపులు, ఏటా జట్లు మారిపోయే బదిలీల పద్ధతి, వీటి మధ్య పెద్ద విశ్వవిద్యాలయాలతో పోటీపడటం తనలాంటి సంస్థకు సాధ్యం కావడం లేదన్నది అది చెప్పుకున్న కారణాల సారాంశం. హార్ట్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కూడా 2021లో ఇదే పని చేసింది. తన చరిత్రలో మొదటిసారి జాతీయ టోర్నమెంటు ఆడిన ఏడాదే డివిజన్ త్రీకి దిగాలని నిర్ణయించుకుంది. అంటే ఓడిపోతున్నందుకు దిగినవి కావు ఇవి. గెలిచిన ఏడాది కూడా లెక్క కుదరలేదు కాబట్టి దిగాయి.

ఇలా దిగడం అంటే జట్టును రద్దు చేయడం కాదు. ఆట ఉంటుంది, కోచ్ ఉంటారు, పోటీలూ ఉంటాయి. డివిజన్ త్రీ నిబంధన ప్రకారం ఆట పేరు మీద ఇచ్చే స్కాలర్‌షిప్ మాత్రం ఉండదు. చదువును బట్టి, అవసరాన్ని బట్టి సాయం చేయవచ్చు, రాకెట్ చూసి చేయకూడదు. మీ అమ్మాయికి ఇస్తున్న 60 శాతంలో ఎంత రాకెట్ చూసి ఇచ్చారో, ఎంత మార్కులు చూసి ఇచ్చారో మీరు తెలుసుకోవాల్సింది అందుకే.

నన్నడిగితే మీ ఉత్తరం మొత్తంలో అసలు ప్రశ్న అదే. 60 శాతం అన్నారు సరే, దేని మీద?

అమెరికాలో ప్రైవేటు కాలేజీలు ప్రకటించే ఫీజు ఒకటి, విద్యార్థి నిజంగా కట్టేది మరొకటి. పాండీ బజారులో చీరకు చెప్పే ధర, మనం కొని తెచ్చుకునే ధర లాంటిదే ఇది కూడా. అక్కడి కాలేజీల వ్యాపార అధికారుల సంఘం లెక్కల ప్రకారం 2022–23లో ప్రైవేటు కాలేజీల్లో మొదటి ఏడాది చేరిన విద్యార్థులకు ఇచ్చిన సగటు తగ్గింపు ప్రకటించిన ఫీజులో 56 శాతం. వాళ్ళలో అత్యధికులు ఏ ఆటా ఆడనివాళ్ళే. ఉదాహరణకు ప్రకటించిన ఫీజు 45,000 డాలర్లు అనుకోండి. మీ అమ్మాయికి 60 శాతం అంటే 27,000 తగ్గుతుంది. అదే కాలేజీలో అవే మార్కులున్న, టెన్నిస్ ముఖం చూడని పిల్లకు 50 శాతం ఇస్తున్నారనుకుందాం. ఆ పిల్లకు 22,500 తగ్గుతుంది. అప్పుడు మీ అమ్మాయి టెన్నిస్ విలువ ఏడాదికి 4,500 డాలర్లు. దానికి బదులు తాను ఇచ్చేది ఏమిటి? సీజనులో వారానికి 20 గంటల సాధన, పోటీలు. అది నిబంధన పెట్టిన పరిమితి. బస్సుల్లో, విమానాశ్రయాల్లో గడిపే సమయం ఆ లెక్కలోకి రాదు. విదేశీ విద్యార్థులకు మామూలు తగ్గింపు తక్కువ ఇచ్చే కాలేజీలూ ఉన్నాయి. అలాంటి చోట టెన్నిస్ విలువ పెరుగుతుంది. అందుకే ఊహించుకోకుండా అడగాలి: ‘ఇవే మార్కులతో, జట్టులో లేకుండా దరఖాస్తు చేస్తే మా అమ్మాయికి ఎంత ఇచ్చేవారు?’ అడగాల్సింది కోచ్‌ను కాదు, అడ్మిషన్ల కార్యాలయాన్ని. కోచ్‌కు తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పాలని ఉండకపోవచ్చు.

చిన్న కాలేజీ వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. దాని ఆదాయం ప్రధానంగా విద్యార్థులు కట్టే ఫీజు. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత అమెరికాలో జననాలు తగ్గాయి. ఆ ఏళ్ళలో పుట్టినవాళ్ళు ఇప్పుడు కాలేజీ వయసుకు వస్తున్నారు కాబట్టి సీట్లు నింపడం చిన్న కాలేజీలకు గండంగా మారింది. ఇలాంటి చోట టెన్నిస్ జట్టంటే ఎనిమిది పది నిండిన సీట్లు. సగం ఫీజు కట్టే విదేశీ అమ్మాయి ఆ కాలేజీకి ఖర్చు కాదు, ఆదాయమే. ఖాళీగా పోయే సీటుకు వేల డాలర్లు వస్తున్నాయి కదా. ఈ సంగతి చెబితే కొందరు తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. నాకు ఇందులో అవమానమేమీ కనిపించదు. పైగా మీ చేతికి ఒక ఆధారం దొరికింది: ఇచ్చిపుచ్చుకునే వ్యవహారం కాబట్టి మీరు బేరమాడవచ్చు.

ఇక జట్టు ఉంటుందా పోతుందా అన్న భయం. అది వట్టి భయం కాదు. 2020లో కొవిడ్ వచ్చిన కొద్ది నెలల్లోనే ఏక్రన్ విశ్వవిద్యాలయం మహిళల టెన్నిస్‌ను తీసేసింది. రైట్ స్టేట్, విన్‌త్రాప్ విశ్వవిద్యాలయాలు పురుషుల, మహిళల జట్లు రెండిటినీ తీసేశాయి. డబ్బుకు కొదవలేని స్టాన్‌ఫర్డ్ సైతం ఆ ఏడాది 11 ఆటలను ఎత్తివేస్తామని ప్రకటించి, పూర్వ విద్యార్థులు ఊరుకోకపోవడంతో 2021లో వెనక్కి తగ్గింది. 2025 మార్చిలో కాలిఫోర్నియాలోని కాల్ పాలీ ఈతను రద్దు చేసింది. టికెట్లు అమ్ముడుపోని ఆటలకే ముందు ముప్పు. అమ్మాయిల జట్లకు కాస్త రక్షణ ఉంది. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వల్ల ఆటల్లో ఆడపిల్లలకు తగిన అవకాశాలు ఉన్నాయని కాలేజీలు చూపించాలి. ఏక్రన్ ఉదాహరణ చూశారుగా, ఆ రక్షణ పూర్తి హామీ కాదు.

ఒక పని చేయండి. అమెరికా విద్యాశాఖ వెబ్‌సైటులో ‘ఈక్విటీ ఇన్ అథ్లెటిక్స్’ అనే విభాగం ఉంది. ప్రభుత్వ విద్యార్థి సాయం అందుకుంటూ జట్లు నడిపే సహవిద్యా కాలేజీలన్నీ తమ ఆటల లెక్కలు ఏటా అక్కడ పెట్టాలి. కాలేజీ పేరు కొడితే చాలు, రుసుము లేదు. ఏ ఆటలో ఎంతమంది ఆడుతున్నారు, జట్టు ప్రయాణాలకు, పోటీలకు ఎంత ఖర్చు, కొత్తవాళ్ళను వెతకడానికి ఎంత, అన్నీ కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి ఓచర్లు రాసిన చేయి నాది. ఇలాంటి పట్టిక దొరికితే నవల చదివినట్టు చదువుతాను. చిన్న కాలేజీల పట్టికల్లో ఒక చిత్రం తరచూ కనిపిస్తుంది: ఆటల మీద వచ్చిన ఆదాయం, ఆటల మీద పెట్టిన ఖర్చు డాలరు తేడా లేకుండా సమానంగా ఉంటాయి. టెన్నిస్‌కు ఎంత ఖర్చో టెన్నిస్ ఆదాయమూ అంతే! నిజానికి అక్కడ టికెట్టు కొని చూసేవారే ఉండరు. కాలేజీ తన సాధారణ నిధి నుంచి ఇచ్చిన డబ్బును కూడా ‘ఆదాయం’ గడిలోనే రాస్తుంది కాబట్టి అలా వస్తుంది. అంకెలు సమానంగా ఉంటే మోసమని కాదు. ఆ ఆట పూర్తిగా విద్యార్థుల ఫీజుల మీద నడుస్తోందని అర్థం. ఫీజులు తగ్గిన ఏడాది కత్తెర అటే వస్తుంది.

ఆ పట్టికలో ఒక్క ఏడాది చూసి ఆగకండి, ఐదారేళ్ళవి పక్కపక్కన పెట్టుకోండి. టెన్నిస్ ప్రయాణాల ఖర్చు ఏటేటా పడిపోతోందా? మొత్తం విద్యార్థుల సంఖ్య తగ్గుతోందా? ఈ రెండూ ఒకేసారి జరుగుతుంటే మీ బావగారి మాట వినండి.

రాతపూర్వకంగా తీసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికా, నాలుగేళ్ళకా? ఒక్క ఏడాదికైతే ప్రతి వేసవిలోనూ మీకు ఎదురుచూపే. జట్టును రద్దు చేసినా, డివిజన్ మారినా, చదువు పూర్తయ్యేదాకా అంతే సాయం ఇస్తారా? చాలా విశ్వవిద్యాలయాలు రద్దు ప్రకటించిన రోజున ‘ఇస్తాం’ అనే చెబుతాయి. ఆ మాట మీకు ముందే, కాగితం మీద కావాలి. గాయమై ఆడలేకపోతే ఏమిటన్నది కూడా అందులోనే ఉండాలి. పాత పుస్తకాలు చూసి ‘నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్’ కోసం పట్టుబట్టకండి. ఆ పద్ధతిని 2024 అక్టోబరులో ఎత్తేశారు. ఇప్పుడు విశ్వవిద్యాలయంతో కుదుర్చుకునే ఆర్థిక సాయం ఒప్పందమే అన్నిటికీ ఆధారం.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం జట్టు పోవడం కాదు, కాలేజీయే పోవడం. అలబామాలోని బర్మింగ్‌హామ్–సదరన్ కాలేజీ 1856 నుంచి నడిచింది. ఒకప్పుడు డివిజన్ వన్‌లో ఆడి, ఖర్చు భరించలేక డివిజన్ త్రీకి దిగింది. చివరికి 2024 మే 31న కాలేజీ మొత్తంగా మూతపడింది. ఆ రోజు దాని బేస్‌బాల్ జట్టు ఒహాయోలో డివిజన్ త్రీ ప్రపంచ సిరీస్ ఆడుతోంది. పిల్లలు మైదానంలో ఉండగా వాళ్ళ కాలేజీ లేకుండా పోయింది. కాబట్టి ఆటల లెక్కతో పాటు కాలేజీ లెక్క కూడా చూడాలి. లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థలు అక్కడి పన్ను శాఖకు ఇచ్చే ‘ఫారం 990’ను ఎవరైనా చూడవచ్చు. వరసగా కొన్నేళ్ళు రాబడి కన్నా ఖర్చు ఎక్కువగా ఉంటే, మీ ఆడిటరుగారికి చూపించకుండా స్థలం కాగితాలు బయటకు తీయకండి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. టెన్నిస్ తీసేసి చూసినా ఆ కాలేజీ, ఆ కోర్సు మీ అమ్మాయికి నచ్చుతుందా? ఆ తగ్గింపు ఫీజు మీరు స్థలం అమ్మకుండా, లేదా కొంత భాగమే అమ్మి కట్టగలరా? ఈ రెండిటికీ అవునంటే పంపండి, ఆట మీకు అదనం. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున 2007, 2008లలో వరసగా అమెరికా కాలేజీల జాతీయ సింగిల్స్ విజేత అయ్యాడు. మన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయానికి ఆడి వచ్చి, 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి స్వర్ణం గెలిచాడు. వాళ్ళు వెళ్ళినవి పెద్ద విశ్వవిద్యాలయాలు, వెనుక ఫుట్‌బాల్ డబ్బున్నవి. వాళ్ళ పేర్లు చెప్పి చిన్న కాలేజీ సీటు అమ్మే ఏజెంట్లు చెన్నైలో తక్కువేమీ లేరు. మీ ఉత్తరంలో ఏజెంటు ప్రస్తావన లేదు, సంతోషం.

ప్రశ్న: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చూడటానికి లక్ష మంది వస్తారు. టీవీ ఒప్పందాలు వేల కోట్లలో ఉంటాయి. అంత డబ్బున్న చోట చిన్న విశ్వవిద్యాలయాలకు కొరత ఏమిటి? యాజమాన్యాలు చెప్పే సాకులు కావా? ఐసీఎఫ్ (రైలు పెట్టెల కర్మాగారం)లో అకౌంట్స్ చూసి రిటైరయ్యాను, ఇలాంటి ఏడుపులు చాలా విన్నాను.
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: అయ్యా, లెక్కలు చూసిన మనిషికి లెక్కే చెప్పాలి. డబ్బు ఉంది, కానీ ఒకే చోట పేరుకుంది. 1984లో అమెరికా సుప్రీంకోర్టు టీవీ హక్కులపై ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ ఆటలను నడిపే జాతీయ సంఘం) గుత్తాధిపత్యం చెల్లదని తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి ఫుట్‌బాల్ హక్కులు ఎవరికి వారే, తర్వాత్తర్వాత కాన్ఫరెన్సులుగా (కలిసి ఆడే విశ్వవిద్యాలయాల కూటములుగా) జట్టుకట్టి, అమ్ముకుంటున్నారు. ‘బిగ్ టెన్’ అనే ఒక్క కాన్ఫరెన్సు 2022లో ప్రకటించిన ఏడేళ్ళ ఒప్పందం విలువే 700 కోట్ల డాలర్ల పైమాట. ఫుట్‌బాల్ ప్లేఆఫ్ సొమ్ము కూడా ఎన్‌సీఏఏ చేతికి రాదు, కాన్ఫరెన్సులకే పోతుంది, అందులోనూ సింహభాగం పెద్దవాటికే. ఎన్‌సీఏఏకు ప్రధానంగా మిగిలింది మార్చిలో జరిగే పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు. ఏటా వచ్చే ఆ టీవీ డబ్బే దానికి ప్రాణం, చిన్న విశ్వవిద్యాలయాలకు వచ్చే వాటా కూడా అందులోదే.

ఆ వాటా ‘యూనిట్ల’ లెక్కన పంచుతారు. టోర్నమెంటులో జట్టు ఆడిన ఒక్కో మ్యాచికి ఒక యూనిట్. ఆరేళ్ళలో విడతలుగా వచ్చే ఆ యూనిట్ విలువ దాదాపు 20 లక్షల డాలర్లు. అదీ జట్టు చేతికి నేరుగా రాదు, దాని కాన్ఫరెన్సుకు వెళ్ళి సభ్యులందరికీ పంపిణీ అవుతుంది. ఇంకొక ఆదాయం, పెద్ద ఫుట్‌బాల్ జట్టు మైదానానికి వెళ్ళి ఓడిపోయి రావడానికి ఇచ్చే రుసుము. 2007లో మిషిగన్ విశ్వవిద్యాలయం అపలాచియన్ స్టేట్‌కు అలా 4 లక్షల డాలర్లు ఇచ్చి పిలిచింది. అపలాచియన్ 34–32తో గెలిచి మిషిగన్ పరువు తీసి, చెక్కు కూడా తెచ్చుకుంది. అదొక ముచ్చట. మామూలుగా అయితే చిన్న జట్టు పిల్లలు దెబ్బలు తిని వస్తారు, ఆ చెక్కుతో మిగతా ఆటల బస్సులు నడుస్తాయి.

గెలిస్తే మాత్రం మిగిలేది ఏమిటి? జెర్సీ సిటీలోని సెయింట్ పీటర్స్ విశ్వవిద్యాలయం 2022 బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో, తన విభాగంలోని 16 జట్లలో 15వ సీడుగా ఉండి, చివరి ఎనిమిది జట్ల దాకా వెళ్ళింది. 15వ సీడు అంతదూరం వెళ్ళడం చరిత్రలో అదే మొదలు. టోర్నమెంటు ముగిసిన కొద్ది రోజులకే కోచ్ పెద్ద విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు, ఆటగాళ్ళలో చాలామంది బదిలీ అయిపోయారు. పెంచేది చిన్న కాలేజీ, పండు కోసుకునేది ఇంకొకరు.

2021లో రెండు మార్పులు వచ్చాయి: ఆటగాళ్ళు తమ పేరు, ముఖం వాడుకుని ప్రకటనల డబ్బు సంపాదించుకోవచ్చన్నారు, బదిలీ అయినా ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదన్నారు. ఆ తర్వాత 2025 జూన్ 6న, ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్ళు వేసిన ‘హౌస్’ కేసులో రాజీ ఒప్పందానికి కోర్టు ఆమోదం దొరికింది. పాత ఆటగాళ్ళకు పదేళ్ళలో దాదాపు 280 కోట్ల డాలర్ల పరిహారం. 2025–26 నుంచి ఒక్కో విశ్వవిద్యాలయం తన ఆటగాళ్ళకు నేరుగా డబ్బు పంచవచ్చు, ఆ మొదటి ఏడాది పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆటగాళ్ళకు న్యాయం జరిగిందనే నేనంటాను. స్టేడియం నింపే కుర్రాడికి ఇన్నేళ్ళు చిల్లిగవ్వ ఇవ్వకపోవడమే విడ్డూరం. కానీ ఆ పరిహారం ఎవరి జేబులోంచి పోతోందో చూడండి. చాలా భాగం ఎన్‌సీఏఏ అందరికీ పంచే సొమ్ములోంచి కోసుకుంటోంది. ఫుట్‌బాల్ జట్టు కూడా లేని విశ్వవిద్యాలయానికి కూడా ఆ కోత పడుతోంది. ఎవరి సంపాదనకో పడ్డ జరిమానాలో వీళ్ళకూ వాటా వచ్చింది. మీరు ఐసీఎఫ్‌లో ఉండగా ఇలాంటి బుక్ అడ్జస్ట్‌మెంటు మీ టేబులు మీదకు వస్తే సంతకం పెట్టేవారా?

సాకులూ ఉన్నాయి, ఒప్పుకుంటాను. కోచ్ జీతాలు, కొత్త లాకర్ గదులు ఎవరూ బలవంతపెట్టకుండానే పెంచుకున్న ఖర్చులు. లోటును ‘ఆటల రుసుము’ పేరిట విద్యార్థులందరి ఫీజులో కలిపి వసూలు చేసే చోట, మ్యాచి ఒక్కటి చూడని పిల్ల కూడా అప్పు చేసి ఆ రుసుము కడుతోంది. ఇది ఎంత ముదిరిందంటే, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు అలా ఆటలకు మళ్ళించే వాటాకు వర్జీనియా రాష్ట్రం 2015లో చట్టం చేసి మరీ హద్దు పెట్టాల్సి వచ్చింది.

ప్రశ్న: చెన్నై శివార్లలో ఒక కొత్త ప్రైవేటు విశ్వవిద్యాలయంలో లెక్చరర్‌ను, క్రీడా కమిటీలో సభ్యుణ్ణి. మా యాజమాన్యం వచ్చే ఏడాది క్రీడాకారులకు వంద ఉచిత సీట్లు ఇచ్చి, ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లో పతకాలు కొట్టాలంటోంది. మాకు జీతాలే ఆలస్యంగా వస్తున్నాయి. మీటింగులో ఏమని మాట్లాడాలి?
– ఒక లెక్చరర్, చెంగల్పట్టు

జవాబు: బాబూ, ఉద్యోగం పోకుండా మాట్లాడాలి, అది మొదటిది.

మన దగ్గర టీవీ డబ్బు లేదు, యూనిట్లు లేవు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో నెగ్గితే వచ్చేది పతకం, పత్రికలో ఫోటో, క్రీడల్లో ముందున్న విశ్వవిద్యాలయానికి ఇచ్చే మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ట్రోఫీ పోటీకి పాయింట్లు. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ 2022లో బెంగళూరులో జైన్ విశ్వవిద్యాలయం ఆతిథ్యంలో జరిగాయి. ఆ సంస్థ ఈతకు, అథ్లెటిక్స్‌కు ఏళ్ళ ముందు నుంచే డబ్బు పెట్టుకుంటూ వచ్చింది. ఒక్క అడ్మిషన్ల సీజనులో కొనుక్కొచ్చిన బలం కాదు.

ఉచిత సీటు అనేది కాగితం మీద ఉచితం. ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు హ్యాండ్‌బాల్ జట్టును ఒక్క పోటీకి పంపాలంటే, రైలు రాయితీ ఫారాల మీద ప్రిన్సిపాల్ సంతకం, సెంట్రల్ స్టేషన్‌లో రిజర్వేషన్ కౌంటరు, అమ్మాయిలకు రోజు భత్యం, తోడు వెళ్ళే టీచరుకు బస, బూట్లు, జెర్సీలు, మోకాలు బెణికిన పిల్లకు స్కాన్. చివరికి పదహారు మంది సంతకాలతో ఓచర్లు. ఆ ఫైలులో జెర్సీల బిల్లే అన్నిటికన్నా చిన్నది. ఇప్పుడు దానికి ఫిజియోథెరపిస్టు, జిమ్, క్రీడాకారుల భోజనం కలపండి. హాస్టల్లో మామూలు పిల్లలు తినే సాంబారన్నంతో వెయిట్‌లిఫ్టరు బతకలేడు. గుడ్లు, మాంసం, పాలు విడిగా లెక్క కట్టాలి.

కాబట్టి మీటింగులో ‘వద్దు’ అనకండి. ‘ఒక్కో క్రీడాకారుడికి సీటు కాకుండా ఏడాదికి ఎంత ఖర్చవుతుంది, అది ఏ పద్దు నుంచి వస్తుంది’ అని ఫైనాన్స్ ఆఫీసరును మినిట్స్‌లో రాయించమని కోరండి. వంద సీట్లకు బదులు రెండు ఆటలు, ఇరవై సీట్లు అని ప్రత్యామ్నాయం పెట్టండి. ఉన్న మైదానానికి సరిపోయే ఆటలు ఎంచుకోండి. కబడ్డీ, వాలీబాల్‌లకు ఈ జిల్లాలో పిల్లలకు కొదవ లేదు, కోర్టుకు కోట్లూ అక్కర్లేదు. ఇంకొకటి, ఎవరు ఎంత ఒత్తిడి చేసినా వదలకండి: రెండో ఏడాది పతకం రాకపోయినా, యాజమాన్యం మనసు మారినా, చేరిన పిల్లలకు డిగ్రీ పూర్తయ్యేదాకా ఫీజు మాఫీ అని ప్రవేశపత్రంలో అచ్చు వేయించండి. సీనియర్ కాలేజీలే మాట తప్పిన సందర్భాలు చూశాను. మూడో ఏడాదిలో ఫీజు కట్టమని నోటీసు అందుకున్న కబడ్డీ పిల్ల నా గదిలో కూర్చుని అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ‘మేడం, నేను ఓడిపోలేదు కదా’ అంది.

ప్రశ్న: నేను లాంగ్ జంప్ చేస్తాను. కాన్సాస్ స్టేట్‌కు ఆడిన తేజస్విన్ శంకర్‌లా వెళ్ళాలని ఉంది. ఇప్పుడు అమెరికా విశ్వవిద్యాలయాలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇస్తున్నాయట కదా, ఆ డబ్బుతో మిగతా ఫీజు కట్టుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ఆ డబ్బును లెక్కలో వేసుకోకు నాయనా. పంచుకునే ఆ సొమ్ములో ఎక్కువ భాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వాళ్ళకే పోతోంది. లాంగ్ జంప్ దాకా వచ్చేది చుక్కలే. నీకు వీసా చిక్కు కూడా ఉంది. ఎఫ్–1 వీసా మీద ఉన్న విద్యార్థి పని చేసి సంపాదించడానికి గట్టి ఆంక్షలు ఉన్నాయి. ఈ చెల్లింపులు ఆ ఆంక్షల పరిధిలోకి వస్తాయన్న అనుమానంతో విశ్వవిద్యాలయాలే విదేశీ ఆటగాళ్ళ దగ్గర వెనకాడుతున్నాయి. ఎవరైనా కోచ్ ‘ఇస్తాం’ అంటే, అక్కడి విదేశీ విద్యార్థుల కార్యాలయం నుంచి ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకున్నాకే సరే అను.

తేజస్విన్ 2018లోనూ 2022లోనూ అమెరికా కాలేజీల జాతీయ హైజంప్ విజేత. అతనికి దొరికినట్టు నీకూ పూర్తి స్కాలర్‌షిప్ కావాలంటే ముందు నీ దూరం ఎంతో చెప్పాలి. ఉత్తరంలో అన్నీ రాశావు, అది రాయడం మరిచావు. ఎలక్ట్రానిక్ కొలత, గాలి వేగంతో సహా రాసి పంపు. వచ్చే నెల చూద్దాం.